లా కాలేజీల ర్యాంకులు: లెక్కలోకి వచ్చేవాళ్లు, రానివాళ్లు

దేశంలో అన్నిటికంటే మంచి లా కాలేజీ ఏది? కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితా బెంగళూరు నేషనల్ లా స్కూల్ పేరు చెబుతుంది. లా కాలేజీలకు విడిగా ర్యాంకులివ్వడం 2018లో మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అదే మాట. లండన్‌లోని క్యూఎస్ సంస్థ జాబితా తిరగేస్తే కొన్నేళ్లుగా మన దేశం నుంచి ముందు కనిపిస్తున్న పేరు హర్యానాలోని సోనీపత్‌లో ఉన్న జిందాల్ గ్లోబల్ లా స్కూల్. ప్రపంచంలో మొదటి వందలో చోటు దక్కించుకున్న కాలేజీ అది. అదే పేరు ఎన్‌ఐఆర్‌ఎఫ్ లా జాబితాలో వెతికితే దొరకదు. ఇక నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసిన పిల్లలు సీట్లు కోరుకునే వరుస మూడోది. అందులో బెంగళూరు తర్వాత ఎక్కువమంది చూపు మన శామీర్‌పేటలోని నల్సార్ మీద ఉంటుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో రెండో ర్యాంకు తీసుకునే ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ ఆ వరుసలో ఉండనే ఉండదు. అక్కడ చేరాలంటే క్లాట్ పనికిరాదు, ఐలెట్ అని వేరే పరీక్ష రాయాలి.

నేను గుంటూరు జిల్లా కోర్టులో సివిల్ దావాలు చూసుకునే అడ్వొకేటుని. క్లాట్, రాష్ట్ర స్థాయి లాసెట్ దరఖాస్తుల కాలం వచ్చిందంటే చుట్టాల నుంచి, క్లయింట్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఈసారి మా అక్క కూతురు, ఇంటర్ సీఈసీ చదువుతున్న పిల్ల, ఫోన్ నిండా ర్యాంకుల లిస్టులు దాచుకుని వచ్చి కూర్చుంది. "పిన్నీ, ఒక్కోదాంట్లో ఒక్కో నంబరుంది. ఏది కరెక్టు?" అంది. "ముందు నువ్వు లా చదివి ఏం చేద్దామనుకుంటున్నావో చెప్పు" అన్నాను. "అది తర్వాత చూద్దాం పిన్నీ, ముందు మంచి కాలేజీ చెప్పు" అంది.

తప్పు పిల్లది కాదు. ర్యాంకుల మధ్యే పెరుగుతారు మన పిల్లలు. ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజు టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అంటూ గుక్క తిప్పుకోకుండా చదివే ప్రకటన వినని తెలుగు ఇల్లుందా? పరీక్షలో వచ్చిన ర్యాంకుకి ఒక అర్థముంది. అందరూ ఒకే ప్రశ్నపత్రం రాశారు, మార్కుల్ని బట్టి వరుస పెట్టారు. కాలేజీల ర్యాంకు అలాంటిది కాదు. ప్రశ్నపత్రం తయారుచేసిన సంస్థ ఏది అడగాలనుకుందో అదే అడుగుతుంది. అడగనిది ఎంత విలువైనదైనా మార్కుల్లోకి రాదు. అందుకే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, నంబర్లు వదిలేసి, ఆ నంబర్లు ఎలా పుట్టాయో చూడటం మొదలుపెట్టాం.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఐదు అంశాలకు మార్కులేస్తుంది. బోధన, వనరులకు 30 శాతం. పరిశోధనకు 30. చదువు పూర్తయ్యాక ఏమయ్యారన్నదానికి 20. ఏయే వర్గాల, ఏయే ప్రాంతాల పిల్లలున్నారన్నదానికి 10. బయటివాళ్ల అభిప్రాయానికి 10. కాలేజీలే తమ వివరాలు పంపుకోవాలి, పంపనివాళ్లకు ర్యాంకుండదు. దేశంలో లా కాలేజీలు వెయ్యికి పైనే ఉంటే 2024 జాబితాలో కనిపించినవి 40. లిస్టులో లేదు కాబట్టి పనికిరాని కాలేజీ అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పరిశోధన సంగతి చూడండి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే అంతర్జాతీయ జాబితాలకెక్కిన పత్రికల్లో ఎన్ని వ్యాసాలొచ్చాయి, వాటిని ఎంతమంది ప్రస్తావించారు అన్నదే ఇక్కడ ప్రధానమైన కొలత. సైన్సుకి ఇది నప్పుతుంది. చట్టానికి నాకు నప్పదనిపిస్తుంది. తెలంగాణలో ధరణి పోయి 2025లో భూభారతి చట్టం వచ్చింది. రైతు తన పాసుపుస్తకంలో తప్పు ఎలా దిద్దించుకోవాలి, ఎవరికి అప్పీలు పెట్టుకోవాలి అని ఒక లా లెక్చరర్ తెలుగులో చక్కటి పుస్తకం రాశారనుకోండి. వేలమందికి పనికొస్తుంది, మాలాంటి అడ్వొకేట్ల బల్లల మీద ఉంటుంది. ర్యాంకులో దానికి సున్నా. అలాగే అధ్యాపకుల్లో పీహెచ్‌డీలు ఎందరని లెక్కేస్తారు. ముప్పై ఏళ్లు క్రిమినల్ కోర్టులో సాక్షుల్ని క్రాస్ చేసిన లాయరు వచ్చి సాక్ష్య చట్టం చెబితే పిల్లలు నేర్చుకునేది చాలా ఉంటుంది, కానీ పీహెచ్‌డీల వరుసలో ఆయన పేరుండదు.

ప్రాంతాల వైవిధ్యానికిచ్చే మార్కుల దగ్గర నాకు ఇంకో అభ్యంతరం ఉంది. వేరే రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి ఎందరు వచ్చారో చూసి మార్కులేస్తారు. జాతీయ స్థాయి సంస్థకు ఇది న్యాయమే. పల్నాడు, ప్రకాశం, నల్గొండ పల్లెల నుంచి వచ్చిన మొదటి తరం పిల్లల్ని లాయర్లను చేసే యూనివర్సిటీ కాలేజీకి మాత్రం అదే లోటైపోతుంది. తమ ఊరి పిల్లలకు చదువు చెప్పడం ఏ లెక్కన లోటో నాకు అర్థం కాదు. అదే అంశంలో ఆడపిల్లల శాతం, పేద, వెనకబడిన వర్గాల పిల్లల సంఖ్య, వికలాంగులకు సౌకర్యాలు కూడా చూస్తారు. అవి మంచి లెక్కలు. ఉండి తీరాల్సినవి.

ఇక మార్కులన్నీ కలిపి దశాంశం తర్వాత రెండంకెల దాకా స్కోరు వేస్తారు. దగ్గరదగ్గరగా ఉన్న కాలేజీలు ఆ దశాంశాల దగ్గరే పైకీ కిందకీ మారుతుంటాయి. 2021లో నల్సార్‌ది మూడో ర్యాంకు. 2022లో పుణె సింబయాసిస్ మూడోదయ్యి నల్సార్ నాలుగుకు వచ్చింది. 2023లో నల్సార్ మళ్లీ మూడు. ఈ రెండేళ్లలో శామీర్‌పేటలో లైబ్రరీ చిన్నదై మళ్లీ పెద్దదైందా? అక్కడ చదివే పిల్లలకు తేడా తెలిసేంత మార్పు ఏమీ జరిగి ఉండదు. మూడుకీ నాలుగుకీ మధ్య ఏదో గొయ్యి ఉన్నట్టు భయపడి ప్రిఫరెన్సులు మార్చేసుకునే తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతైనా ఎవరన్నా చెప్పాలి.

ఆ జాబితా పై వరసల్లో ఐఐటీ ఖరగ్‌పూర్ లా స్కూల్ పేరు కూడా కనిపించిన ఏళ్లున్నాయి. 2006లో పెట్టిన ఆ స్కూల్‌కి పేరు తెచ్చింది మేధోసంపత్తి హక్కుల మీద నడిపే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. ఇంజినీరింగో సైన్సో చదివి వచ్చినవాళ్ల కోసం పెట్టిన కోర్సది. ఇంటర్ అయిపోయిన పిల్ల ఆ ర్యాంకు చూసి ఆశపడి లాభం లేదు. ఒకే లిస్టులో పక్కపక్కన ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే పిల్లల కోసం పెట్టిన కాలేజీలు కావు.

ఇన్ని లోపాలు చెప్పినా ఎన్‌ఐఆర్‌ఎఫ్ చేసే మేలొకటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు. ర్యాంకు పక్కనే ప్రతి కాలేజీ పంపిన వివరాల పీడీఎఫ్ పెడతారు. ఆ సాయంత్రం మేమిద్దరం ఎక్కువసేపు చదివింది అదే. సీట్లెన్ని, అబ్బాయిలెందరు, అమ్మాయిలెందరు, సొంత రాష్ట్రం వాళ్లెందరు, బయటివాళ్లెందరు అని వరసగా ఉంటుంది. అదే పట్టికలో కుడివైపుకి వెళ్తే మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఇంటికీ తెలిసిన మాట ఎదురవుతుంది: ఫీజు రీయింబర్స్‌మెంట్. ప్రభుత్వం నుంచి పూర్తి ఫీజు వెనక్కి వస్తున్నది ఎందరికి, కాలేజీ సొంత నిధుల నుంచి ఎందరికి, ప్రైవేటు దాతల నుంచి ఎందరికి, అలా పూర్తిగా రానివాళ్లెందరు. నేషనల్ లా యూనివర్సిటీల్లో ఫీజు ఏటా లక్షల్లో ఉంటుంది కాబట్టి మధ్యతరగతి తండ్రికి ర్యాంకు కంటే ముందు కావాల్సింది ఈ గడులే.

దాని కింద ప్లేస్‌మెంట్ల పట్టిక. మొదటి ఏడాదిలో ఎందరు చేరారు, సమయానికి ఎందరు పట్టా తీసుకున్నారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతమెంత, పై చదువులకు ఎందరెళ్లారు. మీడియన్ అంటే సగటు కాదు. ఐదుగురికి ఏడాదికి 5, 6, 8, 16, 20 లక్షల చొప్పున వచ్చాయనుకోండి. సగటు 11 లక్షలు, మీడియన్ 8 లక్షలు, అంటే సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి జీతం. సగటు కంటే ఇదే నిజాయతీ ఉన్న లెక్క. అయితే ఉద్యోగం వచ్చినవాళ్లలో మాత్రమే తీసిన మధ్య ఇది.

ఇక్కడ చిన్న తీసివేత చేయమన్నాను మా పిల్లని. మాటవరసకి ఒక కాలేజీలో 100 మంది పట్టా తీసుకుంటే 60 మందికి ఉద్యోగాలు, 10 మంది పై చదువులు. మిగతా 30 మంది ఎక్కడ? కొందరు సివిల్స్ చదువుతుంటారు, కొందరు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి కూర్చుంటారు, చాలామంది నల్లకోటు వేసుకుని ఎవరో సీనియర్ వెనకాల ఫైళ్లు పట్టుకుని కోర్టుకి వెళ్తుంటారు. వాళ్లకి గడి లేదు. లా కాలేజీ పుట్టిందే కోర్టులకి లాయర్లనివ్వడానికి, కానీ కోర్టుకెళ్లినవాళ్లు ఈ లెక్కలో ఖాళీగా మిగిలిపోతారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇదే. కొత్త లాయరుకి మొదటి రెండు మూడేళ్లు చేతికొచ్చేది ఎంత తక్కువో ఏ బార్ అసోసియేషన్‌లో అడిగినా చెబుతారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో జూనియర్లకు నెలకు 5,000 రూపాయలివ్వడం మొదలుపెట్టింది అందుకే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో జూనియర్లకు పట్టణాల్లో 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000కి తగ్గకుండా స్టైపెండ్ ఇమ్మని సీనియర్లకు సూచించింది కూడా అందుకే. ఇలాంటి వృత్తిలోకి పిల్లల్ని ధైర్యంగా పంపిన కాలేజీకి మార్కులు పెరగాలి. ఇప్పుడున్న పద్ధతిలో కార్పొరేట్ లా ఫర్మ్‌లకు పంపిన కాలేజీకే పెరుగుతాయి.

క్యూఎస్ లెక్క పూర్తిగా వేరు. లా విషయంలో అక్కడ దాదాపు 80 శాతం మార్కులు అభిప్రాయ సేకరణవే. ప్రపంచవ్యాప్తంగా ప్రొఫెసర్లను, ఉద్యోగాలిచ్చేవాళ్లను మీకు తెలిసిన మంచి సంస్థలేవని అడుగుతారు. మిగతాది పరిశోధనా వ్యాసాల ప్రస్తావనలు. విదేశీ అధ్యాపకులు, విదేశీ ఒప్పందాలు, అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు ఎక్కువగా ఉన్న పెద్ద ప్రైవేటు సంస్థ పేరు బయటి ప్రపంచానికి త్వరగా తెలుస్తుంది. అది దాని గొప్పే, కాదనను. విదేశాల్లో ఎల్‌ఎల్‌ఎమ్ చేయాలనో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ వైపు వెళ్లాలనో అనుకునే పిల్లలకు ఆ పేరు ఉపయోగపడుతుంది కూడా. తెనాలి కోర్టులో ఇంజంక్షన్ పిటిషన్ వేయడానికి ఉపయోగపడుతుందా అన్నది ఆ జాబితా అడగని ప్రశ్న.

ఇండియా టుడే, అవుట్‌లుక్, ది వీక్ లాంటి పత్రికలు కూడా సర్వే సంస్థలతో కలిసి ఏటా లిస్టులిస్తాయి. వసతులు, హాస్టల్ జీవితం, ప్లేస్‌మెంట్ల మీద వీటికి శ్రద్ధ ఎక్కువ. ఫీజులు పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి బాగుంటాయి. అంతకుమించి వాటి మీద కాలం ఖర్చు పెట్టక్కర్లేదు.

ర్యాంకుల వల్ల కాలేజీలు ఎలా మారిపోతాయో తెలియాలంటే అమెరికా వైపు చూడాలి. యూఎస్ న్యూస్ అనే పత్రిక 1987లో మొదటిసారి లా స్కూళ్లకు ర్యాంకులిచ్చింది, 1990 నుంచి ఏటా ఇస్తోంది. విద్యార్థులు ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో తెచ్చుకునే మార్కులకు ర్యాంకులో విలువ ఉండటంతో కొన్ని స్కూళ్లు స్కాలర్‌షిప్ డబ్బుని అవసరం ఉన్న పిల్లల దగ్గర్నుంచి మార్కులు ఎక్కువున్న పిల్లల వైపు మళ్లించాయి. ఇంకొన్ని ఏకంగా మార్కులే పెంచి చెప్పాయి. విలనోవా, ఇల్లినాయ్ లా స్కూళ్ల తప్పుడు లెక్కలు 2011లో బయటపడ్డాయి. ఇల్లినాయ్‌కి అమెరికన్ బార్ అసోసియేషన్ 2012లో రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. వెండీ ఎస్పెలాండ్, మైకేల్ సౌడర్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఈ ర్యాంకులు డీన్లనూ విద్యార్థులనూ ఎంత ఆందోళనలోకి నెట్టాయో పరిశీలించి 2016లో ఒక పుస్తకమే రాశారు.

అసలు దెబ్బ 2022 నవంబరులో పడింది. మూడు దశాబ్దాలు మొదటి ర్యాంకు వదలని యేల్ లా స్కూల్, ఇక మా వివరాలు మీకివ్వం అని ప్రకటించింది. అదే రోజు హార్వర్డ్ కూడా తప్పుకుంది. తర్వాత బర్కిలీ, కొలంబియా, స్టాన్‌ఫర్డ్ సహా పదుల సంఖ్యలో స్కూళ్లు అదే దారి పట్టాయి. అప్పటి యేల్ డీన్ హెదర్ గెర్కెన్ చెప్పిన కారణాల్లో ఒకటి నా మనసుకి బాగా దగ్గరగా వచ్చింది. పేదల కేసులు వాదించే సంస్థల్లో పనిచేయడానికి స్కూలే ఫెలోషిప్ ఇచ్చి పంపిన పట్టభద్రుల్ని ఆ ర్యాంకు దాదాపు నిరుద్యోగుల కింద చూసేది. ప్రజల పక్షాన నిలబడితే కాలేజీ స్కోరు తగ్గే పద్ధతన్నమాట. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో నేను చెప్పిన ఖాళీ లాంటిదే అక్కడా ఉండేది. తేడా ఏమిటంటే, అక్కడ మొదటి ర్యాంకు వచ్చినవాళ్లే లేచి అది తప్పన్నారు. కింద ఉన్నవాళ్లు అంటే అక్కసు అనుకునేవారు.

పత్రిక దిగిరాక తప్పలేదు. ఫెలోషిప్‌లను ఉద్యోగాలతో సమానంగా లెక్కించింది. తోటి స్కూళ్ల అభిప్రాయానికున్న 25 శాతం విలువను సగానికి కోసింది. పట్టా వచ్చిన పది నెలలకు ఎందరు పనిలో ఉన్నారన్నదానికి 33 శాతం ఇచ్చింది, బార్ పరీక్ష పాసైనవాళ్ల శాతానికి విలువ పెంచింది. అమెరికన్ బార్ అసోసియేషన్ ఎలాగూ ప్రతి స్కూలు లెక్కలూ జనం ముందు పెడుతుంది కాబట్టి, స్కూళ్లు సహకరించకపోయినా ర్యాంకులు ఆగలేదు. మన దగ్గరా లాయరుగా వాదించాలంటే ఏఐబీఈ అనే పరీక్ష పాసవ్వాలి. కాలేజీవారీగా అందులో ఎందరు గట్టెక్కారన్నది ఎన్‌ఐఆర్‌ఎఫ్ కొలతల్లో లేదు. ఉండాలి.

అమెరికాకి ఎల్‌ఎల్‌ఎమ్‌కి వెళ్లాలనుకునే తెలుగు పిల్లలు ఇక్కడొక మాట గమనించాలి. ఆ ర్యాంకు లెక్కలన్నీ మూడేళ్ల జేడీ చదివే అమెరికా విద్యార్థులవి. ఏడాది ఎల్‌ఎల్‌ఎమ్‌కి ఎల్‌శాటే అక్కర్లేదు. కాబట్టి పదో ర్యాంకు స్కూలు మీకూ పదోదే అవుతుందని లేదు. ఎల్‌ఎల్‌ఎమ్ చేసినవాళ్లకు ఏ దారి దొరికిందో ఆ స్కూల్‌నే విడిగా అడగాలి.

ఈ సంభాషణంతా అయ్యాక మా పిల్ల నోటి నుంచి అసలు మాట వచ్చింది. "నాకు కోర్టులో వాదించాలనుంది పిన్నీ. అమ్మకి చెప్తే కంపెనీలో ఉద్యోగం కదా చూసుకోవాల్సింది అంటుంది." అదే ముందు చెప్పి ఉంటే లిస్టులన్నీ పక్కన పెట్టేవాళ్లం. క్లాట్‌లో మంచి ర్యాంకొస్తే నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ముందు పెట్టుకోమన్నాను. సంజీవయ్య వర్సిటీలో మన ఆంధ్రా వాళ్లకు స్థానిక కోటా ఉంది. సెలవుల్లో ఇక్కడి కోర్టులకే వచ్చి పని చూడొచ్చు, ఇక్కడి భూమి చట్టాలు చెవిన పడుతూ ఉంటాయి. క్లాట్ రాకపోతే లాసెట్ ఉంది. మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాగార్జున యూనివర్సిటీలో లా చదివారు, జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఆంధ్రా యూనివర్సిటీలో, జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉస్మానియాలో. వాళ్లు చదివే నాటికి నేషనల్ లా స్కూళ్లు పుట్టలేదు నిజమే, బెంగళూరు స్కూల్ వచ్చిందే 1987లో. అయినా ఆ యూనివర్సిటీ కాలేజీలు ఈనాటికీ మన కోర్టుల్ని నింపుతున్నాయి.

లాసెట్ కాలేజీల్లో చాలావాటికి ఏ లిస్టులోనూ ర్యాంకుండదు. వాటినెలా పోల్చాలి? బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూట్ కోర్టు పేపరులో ప్రతి విద్యార్థీ ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ కోర్టులో కూర్చుని చూసి డైరీ రాయాలి. దానికి 30 మార్కులు. ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సులో 12 వారాలకు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలకు తగ్గకూడదు. నా దగ్గర జూనియర్‌గా చేరతామని వచ్చినవాళ్లని నేను మొదట అడిగేది ఆ డైరీనే. వాది ఎవరు, ప్రతివాది ఎవరు, ఆ వాయిదాలో ఏ సాక్షిని ఏమడిగారు, జడ్జిగారు ఏ ప్రశ్న తోసిపుచ్చారు అన్నవి సొంత మాటల్లో ఉంటే ఆ కాలేజీ పిల్లల్ని నిజంగా కోర్టుకి పంపిందని తెలుస్తుంది. పుస్తకంలోంచి ఎత్తిరాసింది రెండు పేజీలు చదవగానే తెలిసిపోతుంది. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఆఖరి సంవత్సరం పిల్లల్లో ఒకరిద్దరిని పలకరించి, ఆ డైరీ ఒకసారి చూపిస్తారా అని అడగమన్నాను. వచ్చే శనివారం అక్కా, పిల్లా రెండు కాలేజీలకు వెళ్తున్నారు.